ఓర్వకల్లులో ఏటీఆర్ ఎక్కాలా, శంషాబాద్ పోయి ఎయిర్‌బస్ ఎక్కాలా?

నంద్యాలోడు:

అందరికీ నమస్తే. వచ్చే నెల మా అమ్మను తీసుకుని వైజాగ్ పోవాలి, తమ్ముడి గృహప్రవేశం. అమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ల నొప్పులు, రాత్రంతా రైల్లో ఆ మెట్లు ఎక్కి దిగడం ఆమెతో కాదు. మాకు ఓర్వకల్లు (కర్నూలు ఎయిర్‌పోర్టు) గంట దారి కూడా లేదు కదా అని అక్కడి నుంచి చూస్తే ఏటీఆర్ 72 అని చూపించింది. ఇక మా బావ అందుకున్నాడు. "ఆ ఫ్యాన్ల విమానమా? బస్సుకు రెక్కలు కట్టినట్టుంటుంది, పెద్దామెను దాంట్లో ఎక్కిస్తావా, కారు మాట్లాడుకుని శంషాబాద్ పోండి, ఎయిర్‌బస్ ఎక్కండి" అని ఇంట్లో అందరి ముందరా అనేశాడు, అమ్మకు టెన్షన్ పట్టుకుంది. నాకు చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి ఉంది కానీ ఎక్కింది తక్కువ, ఏటీఆర్ అసలు ఎక్కలేదు. అందుకే గట్టిగా జవాబు చెప్పలేకపోయాను.

నిజంగా భయపడాల్సింది ఉందా? ఎక్కినోళ్లు, దాని మీద పని చేసినోళ్లు చెప్పండి. ఇంకొకటి సరదాకు అడుగుతున్నా: మీరు మర్చిపోలేని విమానం ఏది, ఏ ఎయిర్‌లైన్ మూతపడితే బాధేసింది?

పాత స్పానర్ (ప్రొద్దుటూరు):

నాయనా, నా సర్వీసంతా విమానాల కడుపు కిందే గడిచింది, ఇప్పుడు రిటైరై ఇంటి పట్టున ఉన్నా. మీ బావకు ముందు ఒక మాట చెప్పు. ఆ ఫ్యాను వెనకాల ఉండేది కూడా జెట్ ఇంజనే. లోపల టర్బైన్ తిరుగుతుంది, ఆ శక్తితో గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పుతారు, దాన్నే టర్బోప్రాప్ అంటారు. పాతకాలం డకోటా ఇంజన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఏటీఆర్‌ను తయారు చేసేది ఫ్రాన్స్, ఇటలీ కలిసి, ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో, ఎయిర్‌బస్ వాళ్ల ఊళ్లోనే. కంపెనీలో సగం వాటా కూడా ఎయిర్‌బస్‌దే. అంటే మీ బావ ఎయిర్‌బస్ ఎక్కమన్నాడంటే ఏటీఆర్‌తో సగం మాట నెగ్గినట్టే.

ప్రమాదాల సంగతి దాచను. 2023 జనవరిలో నేపాల్‌లో పోఖరా దగ్గర ఏటీఆర్ 72 పడి 72 మంది పోయారు. విచారణలో తేలిందేమంటే రెక్కల వెనకంచును దించే ఫ్లాప్స్ లివర్ జరపాల్సిన చోట ప్రొపెల్లర్లను అదుపు చేసే కండిషన్ లివర్లు జరిపారు, రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్‌లోకి పోయాయి, అంటే ఇంజన్లు తిరుగుతున్నా తోసే బలం లేదు. 2024 ఆగస్టులో బ్రెజిల్‌లో ఇంకొకటి పడి 62 మంది పోయారు, అక్కడ రెక్కల మీద మంచు పేరుకోవడం గురించి మాట్లాడారు. 1994లో అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర పడినప్పుడు కూడా మంచే కారణం, ఆ తర్వాతే రెక్కల ముందంచున ఉండే రబ్బరు బూట్లను వెడల్పు చేశారు. గాలి పోస్తే అవి ఉబ్బి మంచును పగలగొడతాయి. మన దగ్గర ఐసింగ్ అసలే ఉండదని కాదు, వానమబ్బుల్లోకి పోతే ఎక్కడైనా ఉంటుంది, కాకపోతే మన ఎండలకు కాస్త కిందికి దిగితే చాలు కరిగిపోతుంది.

ఇక బావ మెచ్చుకునే ఎయిర్‌బస్, అదే ఏ320 సంగతి కూడా విను. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరు హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 రన్‌వేకు ముందే గోల్ఫ్ కోర్సులో దిగిపోయి 92 మంది చనిపోయారు. అప్పటికి అది మన దేశానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ప్రభుత్వం ఆ విమానాలన్నింటినీ నెలల తరబడి నేల మీదే కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో "కంప్యూటర్ విమానం, ఎక్కొద్దు" అని బావ లాంటివాళ్లు ఊరూరా చెప్పారు. ఇప్పుడు అదే ఏ320 ఎక్కితే నిశ్చింత అంటున్నారు. మనుషులకు అలవాటైందే భద్రంగా కనిపిస్తుంది, అంతే.

మర్చిపోలేని విమానం అడిగావు కదా, నాకు ఆ పాత ఏ320లే. ప్రపంచంలో మిగతా ఏ320లకు ఒక్కో పక్క కింద రెండేసి చక్రాలు ఉంటే, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాటికి నాలుగేసి ఉండేవి. మన రన్‌వేలు కొన్ని బలంగా లేవని, బరువు నాలుగు చక్రాల మీద పంచితే తట్టుకుంటాయని అడిగి చేయించుకున్నారు. టైర్లు మార్చేటప్పుడు మాకు పని డబల్, బూతులు తిట్టుకుంటూ మార్చేవాళ్లం, కానీ దూరం నుంచి నేల మీద దొర్లుతూ వస్తుంటే ఆ కాళ్లు చూసి మనదే అని గుర్తుపట్టేవాళ్లం.

కిటికీ సీటు (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు):

స్పానర్ అన్న చెప్పిన తర్వాత భద్రత గురించి నేను చెప్పేదేం లేదు. నా గోల వేరే. మన సీమ ఊళ్లకు ఏ విమానం వస్తుంది అన్నది ప్రశ్నే కాదు, వచ్చిన ఎయిర్‌లైన్ వచ్చే ఏడు ఉంటుందా అన్నదే ప్రశ్న.

కడప చూడండి. 2015 జూన్‌లో ఎయిర్‌పోర్టు తెరిచారు, ఎయిర్ పెగాసస్ బెంగళూరు నుంచి ఏటీఆర్ తెచ్చింది. 2016 జూలైకి ఆ కంపెనీ సేవలే ఆగిపోయాయి. తర్వాత ట్రూజెట్. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ (చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపే కేంద్రం పథకం) మొదలైన రోజు ప్రధాని సిమ్లాలో జెండా ఊపితే, ఆ మొదటి మూడు రూట్లలో మన కడప–హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లు 2500 రూపాయలు దాటకూడదని రూలు. మా పెద్దనాన్న ఆ రేటు చూసి ఓల్వో బస్సు మానేసి విమానం ఎక్కినోడు, దిగిన తర్వాత వారం రోజులు బజార్లో అదే ముచ్చట. 2022 ఫిబ్రవరికి ట్రూజెట్ కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ఇండిగో వచ్చింది. ఓర్వకల్లులో కూడా 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టి తెరిచినప్పుడు బెంగళూరు, చెన్నై, వైజాగ్‌లకు మొదలుపెట్టింది వాళ్లే. వీళ్లందరిలో మారనిది ఒక్కటే, ఏటీఆర్. కంపెనీలు వచ్చి పోయాయి గానీ ఆ విమానం మాత్రం మన రన్‌వేల మీదికి తిరిగి తిరిగి వస్తూనే ఉంది.

ఎందుకంటే లెక్క అట్లా కుదురుతుంది. 80 సీట్లలోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీల మినహాయింపు ఉంది, ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లే ఉండడం ఊరికే కాదు. 40 వేల కిలోల లోపు టర్బోప్రాప్‌లు పోయించుకునే ఇంధనం మీద అమ్మకం పన్ను కూడా తక్కువే, ఏటీఆర్ నిండా నింపినా 23 టన్నుల దగ్గర ఉంటుంది. 180 సీట్ల ఏ320ని ఓర్వకల్లుకు తెస్తే ఎంతమంది ఎక్కుతారు చెప్పండి? ముప్పావు వంతు ఖాళీగా పోతుంది, రెండు నెలల్లో ఎత్తేస్తారు, మనం మళ్లీ రోడ్డు మీద.

నాకు కింగ్‌ఫిషర్, జెట్ ఎయిర్‌వేస్ పోయాయని ఏడ్చేవాళ్లంటే కొంచెం ఒళ్లు మంట. సీటు వెనక టీవీ, వేడి తువ్వాలు, ఎర్ర డ్రెస్సులు అంటారు. బాగానే ఉండింది, కాదనను. 2012 అక్టోబరులో ఒకటి, 2019 ఏప్రిల్ 17న ఇంకొకటి ఆగిపోయినప్పుడు జీతాలు రాక రోడ్డెక్కిన వాళ్ల సంగతి ఈ తువ్వాళ్ల కథల్లో రాదు. నా ఓటు ఎయిర్ డెక్కన్‌కు. 2003లో ఏటీఆర్‌లతోనే మొదలుపెట్టారు, గుర్తుగా ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ బొమ్మ, నీళ్లు కూడా కొనుక్కోవాలి, కొన్ని టికెట్లు ఒక్క రూపాయికి. విమానం ఎక్కడానికి బూట్లు వేసుకోవాలేమో అనుకునే మా నాన్న హవాయి చెప్పుల్లో పోయొచ్చాడు.

మా అనంతపురానికి అసలు సర్వీసే లేదు. పుట్టపర్తిలో 1990 నవంబరు నుంచి చక్కటి రన్‌వే ఉంది, సాయిబాబా పుట్టినరోజు నవంబరు 23 వస్తే ప్రైవేటు జెట్లు వరసగా నిలబడతాయి, మామూలోడికి మాత్రం రోజువారీ ఫ్లైట్ లేదు. మేం హైవే పట్టుకుని దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోవాల్సిందే. కాబట్టి నంద్యాల అన్నా, గంటలోపు ఎయిర్‌పోర్టు ఉండి కూడా మీరు శంషాబాద్ పోతామంటే మాకు కడుపు మండుతుంది.

సున్నా డిగ్రీలు:

అందరూ ఏటీఆర్‌ను మరీ మోసేస్తున్నారు. నేను బావ పార్టీ. భద్రత గురించి కాదు, సుఖం గురించి. ఏటీఆర్ పదిహేడు, పద్దెనిమిది వేల అడుగుల్లో పోతుంది, జెట్లు ముప్పై దాటి మబ్బుల పైన పోతాయి. మన సీమలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు నేల కాలిపోతుంటే వేడి గాలి పైకి తంతుంది, ఆ ఎత్తులో ఎగిరేవాడికి ఆ తన్నులన్నీ తగులుతాయి. ఒకసారి మా పిల్లోడు దిగేదాకా వాంతుల కవరు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. పైగా ఇంకోసారి ఒక ఎయిర్‌లైన్, పేరెందుకు లెండి, ఎయిర్‌పోర్టుకు చేరిన తర్వాత క్యాన్సిల్ అని మెసేజ్ పెట్టింది. శంషాబాద్‌లో అయితే గంటకో ఫ్లైట్ ఉంటుంది, ఏదో ఒక దాంట్లో సర్దుతారు. చిన్న ఎయిర్‌పోర్టులో మళ్లీ రేపో ఎల్లుండో. ముసలామెను పెట్టుకుని ఆ రిస్కు ఎందుకు? ఎగిరేది చిన్నదా పెద్దదా కాదు, తప్పిపోతే ఇంకో దారి ఉందా అని చూసుకోండి.

కిటికీ సీటు:

@సున్నా డిగ్రీలు, క్యాన్సిల్ పాయింట్ ఒప్పుకుంటా. దానికి మందు గృహప్రవేశానికి ఒకరోజు ముందు పోవడం. కుదుపులకు మందు పొద్దున ఫ్లైట్. శంషాబాద్ దాకా కారులో ఐదు గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం మాత్రం సుఖమా?

రాజంపేట రెక్కలు (కువైట్):

మా వైపు విమానమంటే కువైటే. రాజంపేట, రాయచోటి, పుల్లంపేట, ఎవరింట్లో చూసినా ఒకరైనా అక్కడుంటారు. మెడ్రాస్ ఎయిర్‌పోర్టులో అట్టపెట్టెకు పసుపు తాడు కట్టి, మార్కర్‌తో పేరు, ఊరు పెద్దక్షరాల్లో రాసి, కాటా మీద పెట్టి రెండు కిలోలు ఎక్కువైతే అక్కడే విప్పి ఊరగాయ డబ్బా బయటకి తీసి పక్కనోడి పెట్టెలో సర్దమని బతిమాలే మనుషులను చూస్తే, వాళ్లు మా ఊరోళ్లే అని ఎవరూ చెప్పక్కర్లేదు.

మా నాన్న అక్కడ డ్రైవర్. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం వచ్చినప్పుడు ఆయన కువైట్‌లోనే ఉన్నాడు. షేక్ ఇల్లు వదిలి పోయాడు, మా నాన్న, ఇంకా మనోళ్లు కొంతమంది బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయారు. అక్కడ అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా తీసుకొచ్చింది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 488 ఫ్లైట్లు, లక్షా డెబ్బై వేల మందికి పైగా. పౌర విమానాలతో ఇంత పెద్ద తరలింపు అంతకుముందు ఎవరూ చేయలేదు. మా నాన్నను ఏ విమానంలో వచ్చావు నాయనా అని నేను ఎన్నిసార్లు అడిగినా "పెద్దది" అంటాడు. కిటికీలు ఎట్లున్నాయి, ఇంజన్లు ఎన్ని, పైకి మెట్లు ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడుగుతా. "ఒరేయ్, నేను కిటికీ చూడలా, అన్నం పొట్లం చూసినా" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అది బోయింగ్ 747 జంబో అయ్యుంటే బాగుండునని నాకు ఆశ. ఎయిర్ ఇండియా 747ల మీద ప్రతి కిటికీ చుట్టూ రాజస్థాన్ జరోఖా లాగా ఎర్ర రంగుతో తోరణం గీసేవాళ్లు, ఒక్కోదానికి ఒక్కో చక్రవర్తి పేరు. అశోక, షాజహాన్, రాజేంద్ర చోళ, కనిష్క. వాటిలో మన కృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు, వీటీ-ఈఎఫ్‌యూ అని రిజిస్ట్రేషన్. పెనుకొండ, గండికోట ఉన్న గడ్డ మీద పుట్టి, రాయల పేరున్న జంబోను ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేకపోయాను. ఎయిర్ ఇండియా ఆఖరి 747 2024 ఏప్రిల్‌లో ముంబై నుంచి ఎగిరిపోయింది, పోతూ పోతూ రెక్కలు అటూ ఇటూ ఊపింది, ఆ వీడియో నా ఫోన్‌లో ఇంకా ఉంది.

ఎయిర్‌లైన్ల మీద నా అభిప్రాయం సింపుల్. కువైట్ పోయేవాడికి భోజనం, టీవీ తర్వాత. ఎన్ని కిలోలు ఇస్తావు అన్నదే మొదటి ప్రశ్న. పది కిలోలు ఎక్కువ ఇచ్చినోడే మా దేవుడు.

బురుజు కింద (కర్నూలు):

నేను ఎక్కిన దాని గురించి కాదు, చూసిన దాని గురించి చెబుతా. 2024 జనవరిలో బేగంపేటలో వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన జరిగినప్పుడు తెల్లవారుజామున బస్సెక్కి పోయాను. బోయింగ్ 777ఎక్స్ వచ్చింది. దాని రెక్క చివర మూడున్నర మీటర్లు పైకి మడుచుకుంటుంది, లేకపోతే మామూలు గేట్ల దగ్గర పట్టదు. విప్పితే దాదాపు 72 మీటర్లు, మడిస్తే 65 లోపు. దాని ఇంజన్ నోరు అంత వెడల్పు, లోపల మనిషి నిలబడితే చేయి పైకెత్తినా అంచు తగలదు. మధ్యాహ్నం దాకా ఎండలో అట్లా చూస్తూ నిలబడ్డాను, నా పక్కన ఒక చిన్నపిల్లోడు వాళ్ల నాన్నను "ఇది మనూరికి వస్తుందా" అని అడిగాడు. ఓర్వకల్లు రన్‌వే 2000 మీటర్లే. రాదు నాయనా.

నంద్యాల అన్నా, మా ఎయిర్‌పోర్టు చూస్తే మీ అమ్మకు టెన్షన్ తగ్గుతుంది. గేటు దగ్గర కారు దిగితే విమానం దాకా నడక చాలా తక్కువ. చుట్టూ ఆ ఓర్వకల్లు రాళ్లు, కొండలు, గాలి. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటి గేటు చేరేసరికే పెద్దాళ్లకు ఓపిక అయిపోతుంది.

నంద్యాలోడు:

అందరికీ థాంక్స్. పొద్దున ఫ్లైట్‌కే, ఒకరోజు ముందుగా బుక్ చేస్తున్నా. స్పానర్ అన్నా, రెండు సందేహాలు. మోకాళ్ల నొప్పికి ఏ వరసలో సీటు తీసుకోవాలి? ఇంకా, ఏటీఆర్ ఆగి ఉన్నప్పుడు ఒక పక్క ఇంజన్ మోగుతూనే ఉంటుంది గానీ ఫ్యాను తిరగదని ఎక్కడో వీడియోలో చూశా, అదేంటి? అమ్మ అది చూసి చెడిపోయిందనుకుంటే కష్టం.

పాత స్పానర్:

రెండోది ముందు చెప్తా, నాకు ఇష్టమైన సంగతి. పెద్ద జెట్లకు తోకలో ఏపీయూ అని చిన్న ఇంజన్ ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ దాని నుంచి వస్తాయి. ఏటీఆర్‌కు అది లేదు, బరువు తగ్గించుకున్నారు. బదులుగా కుడి పక్క ఇంజన్‌ను తిప్పుతూ, ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకు వేసి పట్టుకుంటారు. లోపల టర్బైన్ రెండు భాగాలు, ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం వేరు, అందుకే ఒకటి తిరుగుతూ ఇంకొకటి ఆగగలదు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. మనుషులు ఎక్కేది ఎడమ పక్క, కాబట్టి ఆ వైపు ఇంజన్ ఆపేసి ఉంటుంది. అమ్మకు ముందే చెప్పి పెట్టు.

సీటు సంగతి. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కేది వెనక తలుపు నుంచి, ముందు భాగం సామాన్ల గది. తలుపే కిందికి దిగి మెట్లవుతుంది, ఐదారు మెట్లే, విమానం నేలకు అంత దగ్గరగా ఉంటుంది. ఏ320కి ఏరోబ్రిడ్జి ఇవ్వకపోతే ఆ నిచ్చెన మెట్లు ఎక్కడమే మీ అమ్మకు నరకం. కాబట్టి వెనక వరసలు తీసుకో, తలుపుకు దగ్గర, నడక తక్కువ. ముందు వైపు వరసలు ప్రొపెల్లర్ పక్కకు వస్తాయి, గోల ఎక్కువ. రెక్క పైన ఉంటుంది కాబట్టి ఏ కిటికీలోంచైనా నేల కనిపిస్తుంది. నీ పిచ్చి తీరాలంటే నడిమి వరసల్లో ఒకటి నీకు తీసుకో, చక్రం విమానం పొట్ట పక్క నుంచి దిగి నేలను తాకడం కళ్లారా చూడొచ్చు. కానీ అమ్మను ఒంటరిగా వదిలి కాదు. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్‌లోనే పెట్టు, కౌంటర్ దగ్గర అడిగితే వెతుక్కోవాల్సి వస్తుంది.

నంద్యాలోడు:

సూపర్ అన్నా. చివరిగా, అమ్మ గృహప్రవేశానికి మిరపకాయ ఊరగాయ, నువ్వుల పొడి, జొన్నరొట్టెలు, ఎండుకొబ్బరి అన్నీ కట్టుకుంటోంది. ఏవి ఎక్కడ పెట్టాలి?

రాజంపేట రెక్కలు:

ఇది నా సబ్జెక్టు. ఊరగాయ చేతిసంచిలో అస్సలు వద్దు, సెక్యూరిటీలో తీసేస్తారు. మూత చుట్టూ టేపు, పైన రెండు కవర్లు, దాని మీద పాత లుంగీ చుట్టి పెట్టెలో వేసి చెక్‌ఇన్‌కి ఇవ్వండి. రొట్టెలు చేతిలో తెచ్చుకోవచ్చు. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం చెక్‌ఇన్ పెట్టెలో పెట్టొద్దు, నూనె ఉంటుందని మంట అంటుకునే వస్తువుల్లో లెక్కేస్తారు. వైజాగ్‌లో దొరుకుతుంది, అక్కడే కొనుక్కోండి. నువ్వుల పొడి కూడా పెట్టెలోనే వేసేయండి, ఎందుకొచ్చిన తలనొప్పి. కిలోలు ఎన్ని ఇచ్చారో టికెట్‌లో చూసుకుని ఇంట్లోనే కాటా వేసుకోండి.